స్టేషన్‌కు రమ్మన్నారా? ముందు నోటీసు అడగండి

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందని, ఎస్సైగారు పొద్దున్నే రమ్మంటున్నారని కంగారుపడుతూ వచ్చేవారిని నేను ముందుగా అడిగేది, చేతికి నోటీసు ఇచ్చారా అనే. క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా నా గట్టి నమ్మకం ఏమిటంటే, దర్యాప్తు దశలో సామాన్యుడికి ఆ ఒక్క కాగితం ఇచ్చినంత రక్షణ మరేదీ ఇవ్వదు.

నిందితుణ్ని అరెస్టు చేయకుండా విచారణకు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే ఈ నోటీసును మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటున్నారు. 2010 నవంబరు నుంచి పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 41ఏ సెక్షనుగా అమలైన ఆ నిబంధన, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం అమలుతో, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35(3) సెక్షనుగా కొనసాగుతోంది. దీనికి నిజమైన బలం 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. ఏడేళ్లు లేదా అంతకంటే తక్కువ శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు తప్పనిసరో పోలీసులు చెక్‌లిస్టు నింపి, కారణాలు రాసి మేజిస్ట్రేటుకు సమర్పించాలని, అరెస్టు అవసరం లేనప్పుడు కేసు నమోదైన రెండు వారాల్లోగా నోటీసు అందజేయాలని, పాటించని అధికారి శాఖాపరమైన చర్యకే గాక కోర్టు ధిక్కరణకూ బాధ్యుడవుతాడని ఆ తీర్పు చెప్పింది. కారణాలు నమోదు చేయకుండా రిమాండుకు పంపే మేజిస్ట్రేటును కూడా అది వదలలేదు.

నోటీసు చేతికి రాగానే క్రైం నంబరు, సెక్షన్లు, హాజరు కావలసిన తేదీ, సమయం, స్థలం, దర్యాప్తు అధికారి పేరు, హోదా, సంతకం ఉన్నాయో లేదో చూసుకోవాలి. అందుకున్నట్లు సంతకం చేసేటప్పుడు తేదీ పక్కనే సమయం కూడా వేయండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నోటీసు ఎప్పుడు ఇచ్చారన్న వివాదం తర్వాత కోర్టులో తలెత్తితే ఆ చిన్న రాతే ఆధారమవుతుంది. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ మన చట్టంలో ఎక్కడా లేదు, అది పచ్చి మోసం.

అయితే నోటీసు అందాక వెళ్లకుండా ఉండటం చాలా ప్రమాదం. పిలిచినప్పుడల్లా హాజరవుతున్న వ్యక్తిని, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, అరెస్టు చేయకూడదని చట్టం చెబుతోంది, హాజరు కాకపోతే అరెస్టు చేసే అధికారాన్నీ అదే ఇస్తోంది. ఒంట్లో బాగోలేక వెళ్లలేకపోతే, వైద్యుడి చీటీ జతచేసి గడువు కోరుతూ రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడేళ్లలోపు శిక్ష పడే నేరమై, నిందితుడు అరవై దాటినవాడో అశక్తుడో అయితే, డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేనిదే అరెస్టు కుదరదు. ఇది కొత్త చట్టంలో వచ్చిన మంచి మార్పు.

సాక్షిగా పిలిచే నోటీసు వేరు, అది అదే సంహితలోని 179వ సెక్షను కింద వస్తుంది. మహిళలను, పదిహేనేళ్లలోపు బాలలను, అరవై దాటినవారిని, దివ్యాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రావాలని బలవంతపెట్టకూడదు, పోలీసులే వారి నివాసానికి వెళ్లాలి. అలాంటివారికి పిలుపు వస్తే, ఇంటివద్దే వాంగ్మూలం తీసుకోవలసిందిగా స్టేషన్ బాధ్యుడైన అధికారికి (ఎస్‌హెచ్‌ఓ) లేఖ ఇచ్చి, నకలుపై స్టేషన్ ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే అదే లేఖను స్పీడ్ పోస్టులో పంపి, రసీదు భద్రపరచుకోవాలి.