ఆర్వీ ఫ్రిజ్, ఎర్ర దీపం, ఇంగువ వాసన: నా అనుభవం

ఫ్రిజ్ బాగయింది కానీ ఆ సర్వీస్ సెంటర్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేయాలని కూర్చున్నాను. అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఆర్వీ (వంటిల్లు, పడకలు ఉండే ఇల్లులాంటి బండి) కొనుక్కుని సెలవులకి పార్కుల వెంట తిరిగే మన కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ బండిలో ఫ్రిజ్ ఉన్నట్టుండి ఆగిపోయి, ఏ బటన్ నొక్కినా వెలగకపోతే ముందు ఈ గోడు చదవండి. డబ్బులు కట్టడం తర్వాత సంగతి.

మేం ఉండేది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో. బండి పాతది, ఫ్రిజ్ దానితో వచ్చినదే. ఇది ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు. కంప్రెసర్ లేదు, చప్పుడు లేదు. 1922లో స్టాక్‌హోంలో చదువుకుంటున్న ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతి. వెనకాల ఉక్కు గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ సీలు చేసి ఉంటాయి. గ్యాస్ మంటతో గానీ కరెంటు హీటర్‌తో గానీ అడుగున బాయిలర్‌ని కాస్తే అమ్మోనియా ఆవిరై పైకెళ్తుంది. అక్కడ ద్రవమై, హైడ్రోజన్ మధ్య మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. మోటారు లేదు కాబట్టి గొట్టాల్లో ద్రవం వాలు మీదే కిందికి రావాలి. బండి ఒరిగి ఉంటే రాదు. అప్పుడు బాయిలర్ ఎండి, కాలిపోతుంది. గొట్టం చిట్లితే హైడ్రోజన్ బయటికొస్తుంది, పక్కనే మంట.

అలా బళ్లు తగలబడ్డాకే కొన్ని మోడళ్లను రీకాల్ చేసి (లోపం సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచి), ఫ్రిజ్ వెనక ఒక చిన్న రక్షణ పెట్టె బిగించారు. బాయిలర్ మరీ వేడెక్కిందని సెన్సర్ చెప్పగానే అది ఫ్రిజ్‌కి వెళ్లే కరెంటు మొత్తం ఆపేసి ఎర్ర దీపం వెలిగిస్తుంది. చల్లారాక కూడా తనంతట తాను మళ్లీ ఆన్ అవదు. మంచి ఏర్పాటే, కాదనను. మాది మాత్రం ఏమీ వేడెక్కకుండానే ఆపేస్తోంది.

తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. గ్రాండ్ కాన్యన్ చూపిద్దామని ఐ-17 హైవే మీద బయల్దేరాం. ఫ్లాగ్‌స్టాఫ్ చేరి పెరుగు తీయబోతే ఫ్రిజ్ ప్యానెల్ చీకటి. లోపల మామయ్యగారి ఇన్సులిన్. దాన్ని తువ్వాల్లో చుట్టి ఐస్‌బాక్స్‌లో పెట్టాం. ఐస్‌కి నేరుగా తగిలితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, అది గుర్తుంచుకోండి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుతుంది. తర్వాత పాలు, కూరలు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి రెండు గంటలు ఉంటే పారేయడమే.

ఫ్యూజులు చూశాను, బాగున్నాయి. బ్యాటరీ 12.6 వోల్టులు. ఫ్రీజర్‌లో వాలు చూపే చిన్న స్పిరిట్ లెవల్ పెట్టి చూశాను, బండి సమంగానే ఉంది. పక్కలకి 3 డిగ్రీలు, ముందు వెనకలకి 6 డిగ్రీల దాకా వాలు ఫర్వాలేదంటారు, మాది అంత కూడా లేదు. ఫ్రిజ్ వెనక, బండి బయటి గోడకున్న కింది గ్రిల్ విప్పి చూస్తే పెట్టె మీద ఎర్ర దీపం.

ఇక సర్వీస్ సెంటర్.

కౌంటర్ దగ్గర సమస్య చెప్పింది నేను. కౌంటర్‌లో మనిషి మా ఆయన వైపు చూసి జవాబిచ్చాడు. మళ్లీ నేనే అడిగాను, మళ్లీ మా ఆయనకే చెప్పాడు. మా ఆయన బంగారంలాంటి మనిషే గానీ గోడకి మేకు కొట్టాలన్నా నన్నే పిలుస్తాడు. ఈసీఈ చదివింది నేను. చిప్పుల కంపెనీలో ఫెయిలైన బోర్డు ఎందుకు ఫెయిలైందో తేల్చే పని చేసేది నేను. గొప్ప కోసం చెప్పడం లేదు (సరే, కొంచెం గొప్ప కోసమే), ఆ మనిషి నన్ను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఏ సమయంలో ఆగింది, బండి కదులుతోందా నిలబడి ఉందా, గ్యాస్ మీదా కరెంటు మీదా? ఏదీ అడగలేదు. "ఎక్కడో ఒరిగేట్టు పార్క్ చేసుంటారు, మీవాళ్లు మాన్యువల్ చదవరు" అన్నాడు. మీవాళ్లంటే ఎవరు? అడగాలనుకున్నాను. వెనక అత్తయ్యగారు నిలబడి ఉన్నారని ఊరుకున్నాను.

తర్వాత టెక్నీషియన్ వచ్చి ఫ్రిజ్ తలుపు తీశాడు. తీసీ తీయగానే ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మోనియా!" అన్నాడు. లోపలున్నది దారిలో పులిసిపోయిన దోసెల పిండి, అత్తయ్యగారు ఇంగువ తిరగమోత పెట్టి తెచ్చిన మాగాయ. అది ఊరగాయ అని చెప్పాను. ఆయన వినలేదు. ఇంకో కుర్రాణ్ణి పిలిచి వాసన చూడమన్నాడు, వాడు చూసి నవ్వాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు గానీ ముక్కు మూసుకోవడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది కదా. "నా మాగాయ వల్లే చెడిపోయిందా అమ్మాయ్?" అని అడిగారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మోనియా లీకైతే ఎలా ఉంటుందో తెలియని మనిషి ఫ్రిజ్‌లు బాగుచేయకూడదు. అది ముక్కుతో ఆగదు, కళ్లు మండి నీళ్లు కారతాయి. గొట్టాలు తుప్పు పట్టకుండా లోపల సోడియం క్రోమేట్ కలుపుతారు కాబట్టి, లీకైన చోట పసుపుపచ్చ మరకలో పొడో కనిపిస్తుంది. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, విషం. అన్నిటికంటే ముఖ్యం, లోపలి సరుకు బయటికి పోయిన ఫ్రిజ్ ఆ తర్వాత చల్లబడదు. మా ఫ్రిజ్ వెనక పసుపు మరక ఒక్కటీ లేదు. అయినా ఆ టెక్నీషియన్ కాగితం మీద "అమ్మోనియా లీక్ అనుమానం, కూలింగ్ యూనిట్ మార్చాలి" అని రాశాడు. మూడున్నర వేల డాలర్ల పైమాటే.

ఇంతా రాసి, డబ్బు సంగతి ఆలోచించుకుని చెబుతామనగానే, గర్భగుడికి తెర వేసినట్టు మాకు వీపు అడ్డం పెట్టి పెట్టె మీద ఏదో ఆడించాడు. ఎర్ర దీపం ఆరిపోయింది, ఫ్రిజ్ ఆన్ అయింది. చేతిలో ఉన్నది చిన్న అయస్కాంతం, పెట్టెని రీసెట్ చేసేది దాంతోనే. ఆ నిమిషానికి డయాగ్నసిస్ ఫీజు 190 డాలర్లు. నా ప్రశ్న ఒక్కటే: లీకని సంతకం పెట్టిన మనిషి ఆ ఫ్రిజ్‌నే ఆన్ చేసి, ముసలివాళ్లున్న బండిని రోడ్డు మీదికి ఎలా పంపాడు? లీకన్నా అబద్ధం కావాలి, పంపడమన్నా నేరం కావాలి. మేనేజర్‌ని ఇదే అడిగితే "పాలసీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నకి ఫ్రీజర్‌లో ఐస్ రాయిలా గట్టిపడింది. లీకైన యూనిట్ ఐస్ కట్టదు. ఇక నేనే కూర్చున్నాను.

ఫ్రిజ్ ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు ఆగిందో పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే సంగతి దానంతటదే బయటపడింది. ఫీనిక్స్ ఎండలో, పడమటి ఎండ నేరుగా గ్రిల్ మీద పడుతూ, బండి నిలబడి ఉన్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు. తెల్లవారుజామున చల్లగాలిలో, గతుకుల రోడ్డు మీద ఆగింది. నిజంగా వేడికే ఆగేదైతే దీనికి తలకిందులుగా జరగాలి. పైగా కదిలే బండిలో ఒరుగుడు సమస్య ఉండదు, ఊగుతూ ఉంటుంది కాబట్టి ద్రవం ఒకచోట నిలవదు.

ఎత్తు మీద గ్యాస్ మంట ఆరిపోయి ఉంటుందని ఒక స్నేహితురాలు అంది. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు, అంత ఎత్తులో మంట సతాయించడం నిజమే. కానీ మంట ఆరితే మళ్లీ వెలిగించడానికి చూసి, కుదరకపోతే ప్యానెల్ మీద ఎర్రర్ చూపిస్తుంది. రక్షణ పెట్టె ఆపితే ప్యానెల్ పూర్తిగా చచ్చిపోతుంది. ఈ రెంటికీ తేడా తెలుసుకోకుండా బర్నర్ శుభ్రం చేయించుకుని డబ్బులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

నా మల్టీమీటర్‌తో పాటు వచ్చిన ఉష్ణోగ్రత తీగని బాయిలర్ దగ్గర, వాళ్ల సెన్సర్ పక్కనే కట్టాను. మీటర్‌ని గరిష్ఠ రీడింగ్ గుర్తుపెట్టుకునే మోడ్‌లో ఉంచి బండి నడపమన్నాను. మళ్లీ ఆగింది. మీటర్ చూస్తే గరిష్ఠం 180 సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంది, ఏ మామూలు రోజైనా అంతే. అంటే బాయిలర్ తప్పు లేదు. కబురు మోసుకొచ్చే తీగ తప్పు.

బాయిలర్ వేడిగా ఉండగానే సెన్సర్ కనెక్టర్‌ని పెట్టె నుంచి లాగి మిల్లీవోల్టులు చూశాను. ఇది థర్మోకపుల్, రెండు వేర్వేరు లోహాల తీగలు. వేడికి దానంతటదే వోల్టేజీ పుట్టిస్తుంది. మాది కె రకం, డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. బయటికీ బాయిలర్‌కీ 150 డిగ్రీల తేడా ఉంటే 6 మిల్లీవోల్టులు రావాలి. వచ్చింది. మెల్లిగా తీగని కదిపాను. 6 కాస్తా సున్నా దగ్గర గంతులేసింది, వదిలితే మళ్లీ 6. క్రింపు (కనెక్టర్‌లో తీగని నొక్కి పట్టే చోటు) లోపల తీగ సరిగ్గా పట్టుకుని లేదు. గతుకు తగిలినప్పుడల్లా సర్క్యూట్ ఓ క్షణం తెగుతోంది, పెట్టె ప్రమాదమనుకుని ఆపేస్తోంది. సెన్సర్ తెగితే ఆపేయాల్సిందే, అది దాని ధర్మం. పెట్టెని తిట్టను. ఆ నిమిషం వంటింట్లోకి వెళ్లి "అత్తయ్యా, మీ మాగాయ నిర్దోషి" అని చెప్పాను. ముందు నవ్వారు, తర్వాత ఆ షాపువాణ్ణి తెనాలి భాషలో నాలుగు అన్నారు. అవి ఇక్కడ రాయలేను.

మా ఆయన అక్కడే తీగ కోసి మామూలు రాగి వైరుతో అతికిద్దామన్నాడు. వద్దన్నాను. థర్మోకపుల్ మధ్యలో రాగి కలిపితే ఆ అతుకుల దగ్గరి వేడి కూడా లెక్కలోకి వచ్చి రీడింగ్ తప్పుతుంది. ఇంకో తిరకాసు, అమెరికా రంగుల పద్ధతిలో కె రకానికి పసుపు పాజిటివ్, ఎరుపు నెగెటివ్. ఎరుపు చూసి పాజిటివ్ అనుకుని తిప్పి బిగిస్తే అసలైన వేడి వచ్చినా పెట్టెకి కనబడదు. అప్పుడు మీ పడక పక్కన కాపలా లేని మంట ఉన్నట్టే. సొంతంగా అయస్కాంతం తిప్పేవాళ్లనీ, పెట్టెనే తప్పించి డైరెక్ట్ వైరు వేసుకునేవాళ్లనీ నేనెరుగుదును. ఏమీ కాలేదని గర్వంగా చెప్తారు. బండిలో పిల్లల్ని పడుకోబెట్టి ఆ మాట ఎలా వస్తుందో!

అందుకే చివరి పని మాత్రం పని తెలిసిన మనిషితోనే చేయించాను. ఇంటికొచ్చి చేసే మొబైల్ టెక్నీషియన్, పెద్దాయన. నా పుస్తకం అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తీగ తనూ కదిపి చూశాడు. సరైన లోహం టెర్మినల్స్‌తో కనెక్టర్ మార్చి, తీగ ఊగకుండా క్లిప్పు వేసి, సెన్సర్ దాని చోటునే ఉందో లేదో చూసి, మా ఎదుటే రీసెట్ చేశాడు. గంటలోపే అయింది. షోరూం తళుకులున్న సర్వీస్ సెంటర్ల కంటే పాత పికప్‌లో వచ్చే ఇలాంటివాళ్లు వెయ్యి రెట్లు నయం, నా అభిప్రాయం మారదు. ఆ తర్వాత అదే ఐ-17 ఎక్కి దిగాం. ఎర్ర దీపం రాలేదు.

మీ ఫ్రిజ్‌కి రీకాల్ ఉందో లేదో బండి నంబర్‌తోనే కాదు, ఫ్రిజ్ మోడల్, సీరియల్ నంబర్లతో కూడా చూసుకోండి, ఆ స్టిక్కర్ తలుపు తీస్తే లోపలి గోడకి ఉంటుంది. కేంద్ర రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. నేను పెట్టాను, ఆ "అమ్మోనియా" కాగితం జతచేసి మరీ. 190 డాలర్లు వెనక్కి అడుగుతూ సర్వీస్ సెంటర్‌కి ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను. పై గ్రిల్ దగ్గర గాలి లాగే రెండు ఫ్యాన్లలో ఒకటి కొంచెం గరగరమంటోందని పెద్దాయన చెప్పాడు. ఫీనిక్స్ జూన్ ఎండలు రాకముందే మార్చాలి, ఆర్డర్ పెట్టాను.