చివరి ఓవర్‌లోనూ కిందికి కూర్చోగలిగే కీపర్ కోసం

2024 ఫిబ్రవరిలో విశాఖలో ఇంగ్లండ్‌తో టెస్టు జరిగినప్పుడు మన కేఎస్ భరత్ సొంతూళ్లోనే కీపింగ్ చేశాడు. ఇంగ్లండ్ రెండు ఇన్నింగ్స్ కలిపి 125 ఓవర్లు ఆడింది. నోబాల్స్ వదిలేసినా 750 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి. ఇక్కడ చాలామంది కోచ్‌లు కీపర్ పిల్లల్ని మాత్రం పొద్దున్నే ఆర్కే బీచ్ ఇసుకలో పరిగెత్తించి వదిలేస్తారు.

ముందు చీలమండ చూడండి. బూట్లు విప్పించి, బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టించి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించమనండి. తాకకపోతే, కూర్చున్నప్పుడు మడమలు తేలి భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. టీ తర్వాత ఆ నొప్పికి ఓర్చుకోలేక బంతి పడకముందే లేచిపోతాడు. స్పిన్నర్ బంతి కాస్త కిందుగా వచ్చిందా, గ్లవ్స్ కింద నుంచి పోయి బైస్, అంటే బ్యాట్‌కి తగలకుండానే ఇచ్చేసే పరుగులు. తిట్లేమో చేతులకి పడతాయి! మందు ఆ గోడ దగ్గరే ఉంది: ఒక్కో కాలికి 10 సార్లు, మూడు విడతలు, రోజూ.

ఒకే ఊపున వంద బస్కీలు తీయించడం దండగ. మ్యాచ్‌లో ఆ లయ ఉండదు. ఓవర్ లెక్కన చేయించండి: కూర్చుని మూడు సెకన్లు ఆగాలి, లేస్తూ ఒక అడుగు పక్కకి వేసి టెన్నిస్ బంతి అందుకోవాలి, 25 సెకన్లు నడవాలి. ఇలా ఆరు. తర్వాత 20 మీటర్లు జాగింగ్ చేసి అవతలి ఎండ్‌కి. మొదటి వారం 5 ఓవర్లు, ఆపైన వారానికి రెండేసి పెంచుతూ 15 దాకా. మడమ తేలినా, నడుము గుండ్రంగా వంగినా ఆ రోజుకి చాలు.

బలానికి వారంలో రెండు రోజులు సరిపోతాయి. స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కిందికి దిగి లేవడం) ఒక్కో కాలికి 8, మూడు సెట్లు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి బరువు ఎత్తడం) కూడా అంతే. కీపర్లకి తరచూ పట్టేసేది గజ్జలు, అందుకే కోపెన్‌హాగన్ ప్లాంక్ వదలొద్దు. పక్కకి ఒరిగి మోచేతి మీద ఆని, పై కాలు బెంచీ మీద పెట్టి, ఒళ్లు లేపి 15 సెకన్లు, ఒక్కో పక్కకి రెండుసార్లు. కొత్తవాళ్లు మోకాలి దగ్గర ఆనించాలి, పాదం దగ్గర కాదు. మొదటిసారి చేశాక రెండు రోజులు సలుపుతుంది, మ్యాచ్ ముందురోజు మొదలెట్టకండి.

పక్కకి దూకే డ్రిల్ ఒళ్లు వేడెక్కాక మొదట్లోనే పెట్టాలి: ఒక్కో వైపుకి 5, కాలు నేలకి ఆనగానే రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. అలిసిపోయాక చేయిస్తే మోకాలు లోపలికి పడిపోతుంది. ఇది గడ్డి మీదే చేయాలి. మెత్తటి ఇసుక తోపునంతా మింగేస్తుంది, పిక్కలూ మడమ నరమూ పట్టేస్తాయి. బీచ్‌కి వెళ్లక తప్పదనుకుంటే తడి ఇసుక మీద, వాలు ఒకే కాలి మీద పడకుండా వెళ్లిన దారినే వెనక్కి రావాలి.

మన ఉక్కపోతలో ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు తూయించండి. 60 కిలోల కుర్రాడు 1.2 కిలోలకి మించి తగ్గితే నీళ్లు చాలలేదన్నట్టే. తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర, ఉప్పేసిన మజ్జిగతో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. కిట్‌లో మూడు జతల ఇన్నర్స్ (గ్లవ్స్ లోపల వేసుకునే పల్చటి తొడుగులు) ఉండాలి. తడిసినవాటితో గ్లవ్ లోపల చెయ్యి జారుతుంది.