ప్లాంట్ ప్రొటెక్షన్ ఆఫీసర్ ప్రిపరేషన్: క్వారంటైన్ టాపిక్ నేను చదివిన పద్ధతి

రిజల్ట్ వచ్చింది, లిస్టులో నా నంబరుంది! నిన్నటి నుంచి అందరూ అడిగేది ఒకటే, ఏం చదివావని. సిలబస్, పేటర్న్ మీకు తెలిసినవే, ఎంటమాలజీ మామూలు పుస్తకాలే. నన్ను గట్టెక్కించింది ప్లాంట్ క్వారంటైన్, అంటే విదేశీ మొక్కలతో పాటు పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చేసే తనిఖీ. దాని గురించే చెప్తాను.

పురుగులు, తెగుళ్ల మీద 1914 చట్టం, 2003 పీక్యూ (ప్లాంట్ క్వారంటైన్) ఆర్డర్, అందులోని షెడ్యూళ్లు, అంటే మొక్కల జాబితాలు... ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి షెడ్యూల్ 5కీ 6కీ తేడా గుర్తుండదు కదా. అందుకని థాయిలాండ్ నుంచి అలంకరణ మొక్కల కంటెయినర్ చెన్నై పోర్టులో దిగిందనీ, ఇన్‌స్పెక్షన్ నాదేననీ అనుకుని మొదటి నుంచి రాసుకుంటూ పోయాను. ముందు కాగితాలు: ఇంపోర్ట్ పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్క ఆరోగ్యంగా ఉందని పంపిన దేశం ఇచ్చేది). మొక్క షెడ్యూల్ 5లో ఉంటే అధీకృత సంస్థ సిఫార్సు కావాలి, 6లో ఉంటే అడిషనల్ డిక్లరేషన్ (ఫలానా పురుగు, తెగులు లేదని ఆ సర్టిఫికెట్‌లో ఇచ్చే అదనపు హామీ) చూడాలి, ఇలా రాసుకున్నాక మళ్లీ మర్చిపోతే ఒట్టు. తర్వాత వేళ్లకి మట్టి అంటుకుని వచ్చిందా, చెక్క పెట్టె మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారన్న అంతర్జాతీయ గుర్తు ఉందా (వేడితో అయితే 56 డిగ్రీల సెల్సియస్, 30 నిమిషాలు, ఇది అడుగుతారు). ఆ తర్వాతే మొక్క.

మొక్క చూడటం పుస్తకంలో రాదండీ. పది రెట్ల లెన్సు జేబులో వేసుకుని కడియం నర్సరీలకు వెళ్లాను. కొబ్బరి ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి మైనం సుడులు సుడులుగా, కింది ఆకుల మీద మసి పట్టినట్టు నల్లటి బూజు. 2016లో పొల్లాచిలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ, మన గోదావరి కొబ్బరిని ఏం చేసిందో మీకు తెలుసు. అప్పటి నుంచి ఏ మొక్క కనిపించినా ముందు ఆకు అడుగు, తర్వాత ఆకు తొడిమల సందులు.

ఇంటర్వ్యూలో అడిగారు, "మొక్క శుభ్రంగా ఉంది, వదిలేస్తారా?" అని. వదలను సార్, వేళ్ల ముక్కలు బేర్‌మన్ గరాటాలో నీళ్లలో ఉంచి నెమటోడ్లు (వేళ్లలో ఉండే సూక్ష్మమైన నులిపురుగులు) బయటికి వస్తాయేమో చూస్తాను, వైరస్ కంటికి కనబడదు కాబట్టి పోస్ట్ ఎంట్రీ క్వారంటైన్‌లో, అంటే దేశంలోకి వచ్చాక కొన్నాళ్లు విడిగా పెంచి చూడాల్సిందే అన్నాను. అరటి బంచీ టాప్ అనే వైరస్ తెగులు 1940 ప్రాంతంలో శ్రీలంక నుంచి పిలకలతోనే వచ్చిందని కూడా చెప్పాను. బోర్డులో ఒకాయన తలూపారు.

ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నానని పెళ్లిళ్లలో కూడా క్లాసు పీకిన బంధువులకి ఇప్పుడేం చెప్పాలో తెలియట్లేదు. కోచింగ్‌కి వెళ్లలేదు, డబ్బుల్లేక కాదు, ఈ పోస్టుకి సరైన కోచింగ్ ఎక్కడా కనబడక. పొద్దున లేవగానే ఫోన్ పట్టుకునేవాళ్లకి మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు, కోపగించుకున్నా సరే.

ఫ్యూమిగేషన్ (పురుగుల్ని చంపడానికి విషవాయువు పట్టించడం) డోసులు మాత్రం బట్టీయే, దానికి నాకూ వేరే దారి దొరకలేదు.