అడ్రస్ సున్నా

మంగళవారం, తార్నాక.

ఉదయం రాయదుర్గం మెట్రో ఎక్కినప్పటి నుంచి ఒకటే పంక్తి మనసులో తిరుగుతూ ఉంది: "సిగ్నల్ 11, అడ్రస్ 0." మా సర్వర్ ప్రోగ్రాము కూలిపోయే ముందు, మేము రాసిపెట్టుకున్న సిగ్నల్ హ్యాండ్లర్ లాగ్‌లో వదిలి వెళ్లే చివరి పంక్తి అది. ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్న ప్రోగ్రాముకు ఆపరేటింగ్ సిస్టమ్ పంపేది సిగ్నల్ 11, దాన్ని అందుకునే ఫంక్షన్ హ్యాండ్లర్, ముట్టుకున్న చోటు అడ్రస్. నిన్న మధ్యాహ్నం దాన్ని చూడగానే ఇది నల్ పాయింటర్, అంటే అడ్రస్ ఉండాల్సిన చోట సున్నా ఉన్న వ్యవహారమేనని తీర్మానించి, అనుమానం ఉన్న నాలుగు ఫంక్షన్లలో నల్ తనిఖీలు పెట్టి, కొత్త బిల్డును పరీక్ష యంత్రం మీద నడిపించి ఇంటికి వచ్చేశాను. రాత్రి రెండు గంటలకు అది మళ్లీ కూలింది. అదే సిగ్నల్, అదే సున్నా, నిష్క్రమణ కోడ్ కూడా అదే 139, అంటే 128కి సిగ్నల్ సంఖ్య 11 కలిపితే వచ్చేది. డిస్కు చాలక ఆ యంత్రంలో కోర్ ఫైళ్లు, అంటే కూలిన క్షణంలోని మెమరీ నకళ్లు, ఆపి ఉంచాము కాబట్టి, జరిగినదానికి ఆ ఒక్క పంక్తి తప్ప మరో సాక్ష్యం లేదు.

ఆఫీసులో అడుగు పెట్టగానే మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "అక్కా, నల్ చెక్ పెట్టినంక కూడా సున్నా ఎట్లొస్తది?" నా దగ్గర జవాబు లేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని హ్యాండ్లర్ కోడ్‌ను మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడేళ్ల క్రితం నేను రాసిన కోడే అది. సిగ్‌యాక్షన్ అనే ఫంక్షన్‌తో నమోదు చేసినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్ మన హ్యాండ్లర్‌కు సిగ్నల్ సంఖ్యతో పాటు ఒక సమాచార స్ట్రక్చర్‌ను, ఆ క్షణంలో ప్రాసెసర్ లోపలి చిన్న గడులైన రిజిస్టర్లు ఎలా ఉన్నాయో చూపే మరో స్ట్రక్చర్‌ను అందిస్తుంది. నేను వాటిలో అడ్రస్ ఒక్కటే తీసుకుని మిగతాదంతా వదిలేశాను. అడ్రస్ పక్కనే ఉండే కారణం కోడ్‌ను కూడా ముట్టుకోలేదు.

ఆ కోడ్ విలువ 1 అయితే ఆ అడ్రస్‌కు మ్యాపింగే, అంటే మెమరీ కేటాయింపే, లేదని అర్థం, 2 అయితే మ్యాపింగ్ ఉంది కానీ అనుమతి లేదని అర్థం. దాన్నీ, ప్రోగ్రాము ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉందో చూపే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌నూ, సాధారణ రిజిస్టర్లన్నిటినీ లాగ్‌లో రాసేలా మార్చాను. మామూలుగా రాయించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ జోలికి మాత్రం పోలేదు. ఫాల్ట్ వచ్చిన థ్రెడ్ (ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి) అప్పటికే, మెమరీ కేటాయించే మాలొక్ లాక్ పట్టుకుని ఉందనుకుందాం. హ్యాండ్లర్ లోపల ప్రింట్‌ఎఫ్ మెమరీ అడిగితే అదే థ్రెడ్ తన దగ్గరే ఉన్న లాక్ కోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది, కూలవలసిన ప్రోగ్రాము కూలకుండా బిగుసుకుపోతుంది. అందుకే సంఖ్యలను హెక్స్ అక్షరాలుగా మార్చే చిన్న ఫంక్షన్ రాసుకుని, స్టాక్ (ఫంక్షన్లు తమ విలువలు ఉంచుకునే మెమరీ) మీది బఫర్ నుంచి, కెర్నల్‌నే నేరుగా రాయమని అడిగే రైట్ సిస్టమ్ కాల్‌తో రాయించాను.

సమస్య కాన్ఫిగరేషన్‌ను మళ్లీ చదివించే వేళల్లోనే వస్తోందని లాగ్‌లోని సమయాలు చూసి అమ్మాయే పట్టుకుంది. సెకనుకు ఒకసారి ఆ పని చేయించే స్క్రిప్టు పెట్టి వేచి ఉంటే, పదకొండున్నర దాటాక కూలింది. అడ్రస్ సున్నాయే. కారణం కోడ్ మాత్రం 1 కాదు, 2 కాదు, 128. సిగ్నల్‌ను కెర్నల్ పంపిందనే తప్ప, ఏ అడ్రస్ వల్ల ఫాల్ట్ వచ్చిందో అది చెప్పదు. రిజిస్టర్ల వరుస చూస్తే, కూలిన చోటి ఇన్‌స్ట్రక్షన్ ఏ రిజిస్టర్ నుంచి అడ్రస్ తీసుకుందో దాని నిండా ఏ5 అనే బైటు ఎనిమిది సార్లు ఉంది.

అక్కడ నాకు విషయం అర్థమైంది. మామూలు పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడు ఎక్స్86 ప్రాసెసర్ తప్పుడు అడ్రస్‌ను సీఆర్2 రిజిస్టర్‌లో ఉంచి 14వ ఎక్సెప్షన్ (పని ఆపి కెర్నల్‌ను పిలిచే సంకేతం) లేపుతుంది. కెర్నల్ మనకు అందించే అడ్రస్ అక్కడిది. అయితే 48 బిట్ల వర్చువల్ అడ్రస్‌లు వాడే యంత్రంలో పై 16 బిట్లు 47వ బిట్‌తో సరిపోలాలి. సరిపోలని అడ్రస్‌ను ముట్టుకుంటే ప్రాసెసర్, ఏ అడ్రస్ మెమరీలో ఎక్కడుందో చెప్పే పేజీ పట్టికల దాకా వెళ్లదు, 13వ ఎక్సెప్షన్ లేపి ఊరుకుంటుంది. ఆ దారిలో సీఆర్2 లోకి ఏ అడ్రస్సూ రాదు. కెర్నల్‌కు చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి అడ్రస్ గడి సున్నాగా ఉండిపోతుంది. నేను నిన్నంతా "పాయింటర్ సున్నా" అని చదువుకున్నది నిజానికి "అడ్రస్ తెలియదు" అనే మాట. నమ్మకం కుదరక పది పంక్తుల ప్రోగ్రాము రాసి, ఏ5లతో నిండిన అడ్రస్ నుంచి కావాలనే చదివించాను. అడ్రస్ 0, కోడ్ 128. అమ్మాయి తన యంత్రం మీద కూడా నడిపి అదే చూసింది.

ఏ5 ఎక్కడిదో వెతకనక్కరలేదు, మా సొంత అలొకేటర్ (మెమరీ పంచే కోడ్) ఫ్రీ చేసిన, అంటే తిరిగి తీసుకున్న, ప్రతి బ్లాకునూ ఆ బైటుతోనే నింపుతుంది. ఫ్రీ అయిపోయిన బ్లాకు నుంచే ఎవరో ఆ పాయింటర్‌ను చదివారన్నమాట. నింపకపోతే పాత విలువలు అలాగే ఉండి, ప్రోగ్రాము ఇంకా చాలాకాలం తప్పుడు ఫలితాలు ఇస్తూ నడిచేది. అది తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

భోజనం తర్వాత, సొంత అలొకేటర్ తీసేసి మామూలు మాలొక్‌తో, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ అనే సాధనం పెట్టి బిల్డు చేశాము. ప్రోగ్రాము వేగం దాదాపు సగానికి పడిపోతుంది, కానీ బ్లాకును ఎవరు తీసుకున్నారు, ఎవరు ఫ్రీ చేశారు, తర్వాత ఎవరు వాడారు అనే మూడు జాడలనూ ఒకేచోట చూపిస్తుంది. ఇరవై నిమిషాల్లో నివేదిక వచ్చింది. కాన్ఫిగరేషన్ మారినప్పుడు ప్రధాన థ్రెడ్ పాత పట్టికను ఫ్రీ చేస్తోంది. ఒక వర్కర్ థ్రెడ్ మాత్రం రిఫరెన్స్ కౌంట్ (పట్టికను ఎందరు వాడుతున్నారనే లెక్క) పెంచకముందే పట్టిక పాయింటర్‌ను తీసుకుని, ఆ తర్వాత పెంచుతోంది. ఆ రెండు అడుగుల మధ్య సందులో పట్టిక పోతోంది. పాయింటర్ చదవడాన్నీ కౌంట్ పెంచడాన్నీ ఒకే లాక్ కిందికి తెచ్చాను. మార్పు మొత్తం ఆరు పంక్తులు. నిన్న పెట్టిన నల్ తనిఖీలు నాలుగూ తీసేశాను, వాటిని ఉంచితే రేపు చదివేవారికి అక్కడ నల్ రావచ్చన్న అపోహ కలుగుతుంది.

వెళ్లేముందు ఇంకొకటి కంటపడింది. స్టాక్ నిండిపోయి ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ నడవడానికి వేరే స్టాక్ కావాలి. ఆ ప్రత్యామ్నాయ స్టాక్‌ను ప్రతి థ్రెడ్ తనకు తానే నమోదు చేసుకోవాలి, కొత్త థ్రెడ్‌కు అది వారసత్వంగా రాదు. మా కోడ్ ప్రధాన థ్రెడ్‌కే చేస్తోంది, అదీ 8192 బైట్ల స్థిర పరిమాణంతో. పెద్ద వెక్టర్ రిజిస్టర్లున్న కొత్త ప్రాసెసర్లలో సిగ్నల్ ఫ్రేమే (సిగ్నల్ వేళ కెర్నల్ స్టాక్ మీద దాచే రిజిస్టర్ల నకలు) కిలోబైట్లలో ఉంటుంది కాబట్టే 2021లో వచ్చిన సి భాష లైబ్రరీ జీలిబ్‌సి 2.34 ఆ పరిమాణాన్ని స్థిరసంఖ్యగా ఉంచకుండా, నడుస్తున్న యంత్రాన్ని అడిగి తెలుసుకునేలా మార్చింది. రేపు ఉదయం మొదట చేయవలసినది అదే.

ఏడు గంటలకు బయటికి వస్తే వాన. మెట్రోలో దుర్గం చెరువు దాటుతుండగా అమ్మాయి సందేశం పంపింది: స్క్రిప్టు ఇప్పటికి పదివేల సార్లు కాన్ఫిగరేషన్ మార్చిందట, ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉందట. రాత్రంతా అలాగే వదిలేయమన్నాను.