గోదారి పోటు మీదుందండి

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. రాజమండ్రి లాడ్జిలో పిల్లలు బోటు మీద ఎవరు ఏ మూల కూర్చోవాలో గొడవ పడుతున్నారు. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "గోదావరికి వరద కారణంగా రేపటి పాపికొండల ట్రిప్ రద్దు. మరో తేదీకి మార్చుకోగలరు." అంతే. డబ్బు సంగతి ఎక్కడా లేదు.

కిటికీ తీసి చూశాను. ఆకాశం నిండా చుక్కలు. చినుకు కాదు కదా, మబ్బు తునక కూడా లేదు.

తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటున్నాను. అక్కా బావగారూ హ్యూస్టన్ నుంచి వచ్చింది జులైలో. వాళ్లకి సెలవులు దొరికేది అప్పుడే. మూడు రోజుల ప్లాన్ వేశాను. శనివారం పాపికొండలు, రాత్రికి కొల్లూరు వెదురు గుడిసెల్లో బస. ఆదివారం దిండిలో హౌస్‌బోటు. సోమవారం కోటిపల్లి రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కి ముక్తేశ్వరం. మూడు రోజులూ నీళ్ల మీదే. కొత్తపేటలో పుట్టి పెరిగిన మా అమ్మ వినీ వినగానే, "ఆషాఢంలో గోదారి మీద షికారేంట్రా? కార్తీకంలో వెళ్తారు గానీ" అంది. అమ్మ మాటకి ఆన్‌లైన్ బుకింగ్‌లో ఆప్షన్ లేదు మరి.

అక్క కోపం ట్రావెల్స్ వాళ్ల మీదకి మళ్లింది. "ఒక్క చుక్క వాన లేదు, వరదేంటి?" అని. లాడ్జి కౌంటర్లో కూర్చున్న పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. "ఇక్కడి వానతో పనేముందండి? మహారాష్ట్రలో కురిస్తే ప్రాణహితలోకి, ఛత్తీస్‌గఢ్‌లో కురిస్తే ఇంద్రావతిలోకి, శబరిలోకి. అన్నీ గోదారిలో కలిసి మనకే కదండీ వచ్చేది. ఈపాటికి గండి పోచమ్మ గుళ్లోకి నీళ్లొచ్చేసుంటాయి." మేం బోటెక్కాల్సింది సరిగ్గా ఆ గుడి దగ్గరే.

ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి పాపికొండల దారిలోని కచ్చులూరు మాటెత్తాడు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. 77 మందితో వెళ్తున్న బోటు అక్కడ మునిగితే 26 మంది మాత్రం ఒడ్డుకి చేరారు. ఆ బోటుని పైకి తీయడానికే నెల దాటింది. ఆ రోజు నదిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. మేం వెళ్లాలనుకున్న రోజుకి ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వబోతున్నారు, అంటే 10 లక్షలు. రెట్టింపు. అక్క ఇంకేం మాట్లాడలేదు. పైకెళ్లి సూట్‌కేసులోంచి తీసిన బట్టలు మళ్లీ సర్దింది.

బావగారు మాత్రం ఈ విషయంలో చేయి తిరిగిన మనిషి. హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్ రేవు నుంచి పెద్ద క్రూయిజ్ ఓడల్లో రెండుసార్లు వెళ్లొచ్చారు. ఒకసారి హరికేన్ అడ్డం వచ్చి, చూద్దామనుకున్న రేవు ఒక్కటీ చూడకుండా వేరే రేవులు తిరిగొచ్చారట. "టికెట్ వెనక సన్నక్షరాల్లో ఉంటుందోయ్. వాతావరణం బాగోకపోతే కెప్టెన్ ఏ రేవైనా వదిలేయొచ్చు, వరస మార్చొచ్చు. నువ్వు అడగడానికి లేదు. వదిలేసిన రేవు తాలూకు పన్నులూ ఫీజులూ మాత్రం వెనక్కిస్తారు. ఆ ఊళ్లో తిరగడానికి ఓడవాళ్ల దగ్గరే టూర్ కొనుక్కుంటే ఆ డబ్బు కూడా వాళ్లే ఇచ్చేస్తారు. చవకని బయట కొనుక్కున్నావనుకో, ఇక నీ తిప్పలు నువ్వు పడాలి."

అది చెప్పి, మన బుకింగులు ఒక కాగితం మీద రాయమన్నారు. బోటు ట్రావెల్స్ ద్వారా, దిండి నేరుగా, రైలు టికెట్లు విడిగా. ట్రావెల్స్‌కి ఆయనే మెసేజ్ పెట్టారు: "ట్రిప్ రద్దు చేసింది మీరు, మేము కాదు. మాకు వేరే తేదీ వద్దు, డబ్బు కావాలి." ఫోన్‌లో మాట్లాడొద్దు, అంతా రాతలోనే ఉండాలన్నారు. తొమ్మిది రోజులకి డబ్బు పడింది. "సర్వీస్ చార్జి" పేరుతో కొంత కోశారు. అది ఏ సర్వీసుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

మిగతా ప్లాన్ ఒక రోజు ముందుకి జరిపాం. శనివారం పొద్దున్నే ధవళేశ్వరం. కాటన్ దొర మ్యూజియంలో పిల్లలు పావుగంటే ఆగారు. దొరగారు 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారని, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టిందని చెబుతుంటే మా మేనల్లుడు "వైఫై ఉందా మావయ్యా?" అనడిగాడు. బ్యారేజీ మీదికెళ్లాక మాత్రం నోరు మెదపలేదు. మొత్తం 175 గేట్లు, నాలుగు భాగాలు. మేం నిలబడ్డ చోట గేట్లన్నీ పైకే ఉన్నాయి. కింద నీళ్లు దూకడం లేదు, జారుతున్నాయి. పలచగా కలిపిన ఎర్రమట్టి రంగు. చేతుల కింద రెయిలింగ్ సన్నగా వణుకుతోంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్ల చిల్లర. పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు. బావగారు ఈ లెక్క ఫోన్‌లో వేసి చూపిస్తే, అమ్మ దాన్ని చూడకుండా నీళ్లకి దణ్ణం పెట్టుకుంది.

అమ్మకి ఇంకో పని ఉంది. చేతిసంచిలో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ రవికెల గుడ్డ, డజను గాజులు తెచ్చుకుంది. కొత్త నీరొచ్చిన గోదారికి పెట్టాలని, అదీ బోటు మీంచి నడిమధ్యలో పెట్టాలని. బోటు లేదు. పోనీ పుష్కర ఘాట్‌లో పెడదామంటే మెట్ల మీదికి నీళ్లొచ్చి తాళ్లు కట్టేశారు, కానిస్టేబుల్ దిగనివ్వలేదు. "రేపు పంటు మీంచి పెడతాలే" అంది.

బొబ్బర్లంక దాటి కాలవ గట్టు వెంట పూతరేకుల ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, బియ్యపు పాలల్లో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. అది కాగితం కంటే పల్చన. మా అమ్మాయి ప్రయత్నిస్తే మూడూ చిరిగాయి. నాలుగోది రేకులు తీసే ఆవిడే చేసిచ్చింది. రెండు డబ్బాలు కొన్నాం. గన్నవరం అక్విడెక్టు దగ్గర మళ్లీ ఆగాం. పైన కాలవ, కింద గోదారి పాయ వైనతేయ. ఒక నీరు ఇంకో నీటిని దాటి నగరం లంకలోకి వెళ్లే ఆ విడ్డూరాన్ని చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. మిగతావాళ్లు కారు దిగలేదు.

దిండిలో హౌస్‌బోటు ఉంది గానీ కదలదు. ముక్కుకి రెండు, తోకకి రెండు, చేతిమందం తాళ్లతో ఒడ్డుకి కట్టేశారు. వశిష్ఠ పాయలో గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొస్తోంది. మధ్యలో ఒక చెట్టు, వేళ్లతో సహా, మెల్లగా తిరుగుతూ వెళ్లిపోయింది. మేనేజరు చెయ్యెత్తి దాన్నే చూపించాడు. "అలాంటిదొకటి తగిలితే బోటు ఆగదండి. పోనీ కట్టేసున్న బోట్లోనే పడుకుంటామంటారా, దానికీ ఆర్డర్లు లేవు. నదివైపు రూములిస్తాను, తేడా డబ్బులు ఇప్పుడే వెనక్కిస్తాను." అన్నట్టే ఇచ్చాడు, రూపాయి కోయకుండా.

రాత్రి వరండాలో కూర్చుని బావగారు ఒక మాటన్నారు. ఓడకి సముద్రం మొత్తం ఉంది, తుపాను ఇటొస్తే అటు తిరుగుతుంది. జనం రేవు పోయిందని తిట్టుకుంటారు గానీ ఓడలో భోజనం, సినిమా, ఈతకొలను ఎక్కడికీ పోవు. "ఇక్కడ మీ గోదారికి ఉన్నదే ఒక్క దారి. ఆ దారిలో అదే వస్తుంటే బోటు ఎక్కడికి తప్పుకుంటుంది?" నిజమే. కానీ మాకు కూడా భోజనం ఎక్కడికీ పోలేదు. రొయ్యల వేపుడు, గోంగూర. పులస చేప అడిగితే వంటాయన నవ్వాడు. "ఎర్రనీరు ఇప్పుడే కదండీ దిగింది. వచ్చినా మీదాకా రాదులెండి." ధర అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆదివారం అంతర్వేది. పంటు అవసరం లేదు, దిండి నుంచి రోడ్డే ఉంది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్దామంటే దారిలోనే ఆపేశారు. దూరం నుంచి ఎర్రటి చార సముద్రంలోకి చొచ్చుకుపోవడం చూసి వెనక్కి తిరిగాం.

అక్కడి నుంచే కోటిపల్లి రేవుకి ఫోన్ చేయించాను. పంటు ఆపేశారు. ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా చుట్టూ తిరిగి కాకినాడ వెళ్లి రైలెక్కడం ఖాయమైంది. ఈ రెండు రోజుల్లో నాకు అలవాటైంది ఒకటే. పేపరు, యాప్, వాతావరణ శాఖ అన్నీ చూడొచ్చు గానీ, ముందు రేవు పక్క టీకొట్టు నంబరొకటి సంపాదించాలి. "నీరెంతుందండి?" అనడిగితే చాలు, ఏ దారి ఉందో ఏది పోయిందో ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు.

మామిడికుదురు దాటాక అమ్మ అప్పనపల్లి బాలబాలాజీని చూసి వెళ్దామంది. సరే అని కారు తిప్పితే ఊరికి ముందున్న కాజ్‌వే, అంటే పాయ మీది లోతట్టు రోడ్డు దగ్గర దారే లేదు. రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కట్టారు. గడ అవతల తారురోడ్డు పది గజాలు కనిపించి, నీళ్లలోకి దిగిపోయింది. కాజ్‌వే ఎక్కడుందో రెండు వరసల కరెంటు స్తంభాలని బట్టి ఊహించుకోవాల్సిందే. అవతలి నుంచి ఇంజన్ పడవ వచ్చింది. పాల క్యాన్లు, గ్యాస్ సిలిండరు, గడ్డిమోపుతో ఒకామె, లైఫ్ జాకెట్ వేసుకున్న ముసలాయన. మాకది విహారం, వాళ్లకి ఇంటికెళ్లే దారి. మా అమ్మాయి ఫోన్ ఎత్తబోయి, ఎందుకో దించేసింది.

నీటి అంచున పన్నెండేళ్ల కుర్రాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాడి ముందు మట్టిలో కొబ్బరి ఈనెలు గుచ్చి ఉన్నాయి. వరసలో మొదటివి మునిగిపోయాయి, చివరిదాని చుట్టూ తడి.

"పొద్దున్నుంచి ఎన్నోదిరా?" అన్నాను.

"ఆరోదండి. పోటు మీదుందండి. సముద్రం పాటు మొదలైతే గానీ లాగదండి."

బావగారు వాడి పక్కన కూర్చుని ఒక ఈనె అడిగి తీసుకున్నారు. ఆరోదానికి జానెడు పైన గుచ్చి, వాచీ చూసుకున్నారు. నాలుగూ పది.

అమ్మ చెప్పులు విడిచింది. వెదురు గడ కింద నుంచి వంగి, రోడ్డు మధ్య తెల్లగీత నీళ్లలోకి దిగే చోట కూర్చుంది. పసుపు, కుంకుమ వేసి, రవికెల గుడ్డ మీద గాజులు పెట్టి వదిలింది. గుడ్డ కొంచెంసేపు తెల్లగీత మీదే తేలింది. తర్వాత నీరు దాన్ని మెల్లగా మావైపే తోసింది.

"గోదారే రోడ్డెక్కొచ్చింది, ఇంకా బోటెందుకు" అని లేచింది.

గట్టు మీద కొట్లో టీ తాగి దిగేసరికి బావగారి ఈనె తల మాత్రం పైకి కనిపిస్తోంది. ఆయన వాచీ చూసుకున్నారు. కుర్రాడు ఆయన్ని చూడలేదు, వెనక్కి జరిగి ఇంకో ఈనె విరుస్తున్నాడు.