మా పికప్‌లో డోలు వినిపిస్తోంది

బండిలో సబ్‌ఊఫర్, అంటే కింది స్వరాల కోసం వేరే స్పీకరు, పెట్టించానంటే మా రొయ్యల చెరువుల కాడ ప్రతి ఒక్కరూ అడిగే మాట ఒకటే: "ఎన్ని వాట్లన్నా?" వాట్ల సంగతి తర్వాత చెబుతాను. నాకు కావలసింది అద్దాలు వణికే మోత కాదు. బాలు గారి గొంతు ఎక్కడా నలగకుండా రావాలి, దాని కింద మృదంగం ఎడమ వైపు దెబ్బ, బేస్ గిటార్ నడక విడివిడిగా తెలియాలి. ఊఫర్ అసలు పని అదేనని నా గట్టి నమ్మకం. ఊఫర్ మోగుతున్నట్టు తెలియకూడదు, పాట మాత్రం నిండుగా రావాలి.

బాలు గారి పేరు ఊరికే తేలేదు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న తన ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో వెళ్ళిపోయారు. మా ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకి ఆయన గొంతు ఇంట్లో మనిషి గొంతు. అది డోర్ స్పీకర్లో గరగరలాడుతుంటే నేను ఊరుకోలేను.

నా బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇసుజు డీమ్యాక్స్ వీక్రాస్, డబుల్ క్యాబిన్. తడ పక్కన శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీలో తయారైన బండే. వెనక తొట్టిలో మేత బస్తాలు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు, ఒక్కోసారి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటారు. నెల్లూరు నుంచి విడవలూరు దాటి చెరువుల దాకా వెళ్ళడం, రాత్రి పూట కరెంటు పోయిందని ఫోనొస్తే మళ్ళీ పరుగెత్తడం. వనామీ రొయ్యల సాగు చేసేవాడికి నిద్ర కంటే బండి ప్రయాణమే ఎక్కువ. ఆ టెన్షన్‌లో తోడుండేది పాటే.

డోర్లో ఉండేది ఆరున్నర అంగుళాల స్పీకరు. అది ఎంత మంచిదైనా కింది స్వరాల దగ్గర చేతులెత్తేస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. ఒక స్పీకరు 100 హెర్ట్జ్ (సెకనుకి వంద కంపనాలు) దగ్గర ఎంత శబ్దం ఇస్తుందో 50 హెర్ట్జ్ దగ్గరా అంతే ఇవ్వాలంటే, దాని కోన్, అంటే గరాటు లాంటి ముఖం, నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. బేస్ గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ స్వరాన్ని మోయడానికి కొట్టుకులాడుతున్న కోన్ మీదే గాయకుడి గొంతు కూడా రావాలి కదా, అందుకే గొంతు నలుగుతుంది. బేస్‌ని డోర్ల నుంచి తీసేసి వేరే స్పీకరుకి అప్పగిస్తే డోర్లు హాయిగా పాడతాయి. ఊఫర్ పెట్టాక ముందుగా బాగుపడేది గొంతే, బేస్ ఆ తర్వాత.

కారుకైతే డిక్కీ ఉంటుంది, ఎంత పెద్ద బాక్సయినా పడేయొచ్చు. పికప్‌కి ఆ వెసులుబాటు లేదు. తొట్టి బయట ఉంటుంది, వానా దుమ్మూ ఉప్పుగాలీ అన్నీ తగులుతాయి, పైగా అక్కడ మోగించిన శబ్దం క్యాబిన్లోకి రాదు, ఊరికి వినిపిస్తుంది. మిగిలింది వెనక సీటు కింది జాగా ఒక్కటే. రెడీమేడ్‌గా దొరికే అండర్ సీట్ ఊఫర్లు ఉన్నాయి, యాంప్ (సిగ్నల్‌కి బలమిచ్చే యాంప్లిఫయర్) లోపలే ఉంటుంది, తొందరగా బిగించేయొచ్చు. పల్లెటూరి రోడ్ల మీద చిన్న కారుకి అవి చాలు. డీజిల్ పికప్ గోల మధ్య నాకు సరిపోదనిపించి, లోతు తక్కువగా ఉండే పది అంగుళాల ఊఫర్, దానికి మూసిన బాక్సు చేయించుకున్నాను.

బాక్సు దగ్గరే ఎక్కువ మంది తేలిగ్గా తీసుకుంటారు. ఊఫర్‌కి పదివేలు పెట్టి, బాక్సుకి మాత్రం ఏదో ఒక చెక్క కొట్టించేస్తారు. ప్రతి ఊఫర్‌తో వచ్చే కాగితం మీద ఎంత గాలి కావాలో రాసి ఉంటుంది, అది చదవాలి. నాది సుమారు 15 నుంచి 18 లీటర్లు అడిగింది. సీటు కింద కొలతలు తీసుకుని లోపలి పొడవు 66 సెంటీమీటర్లు, వెడల్పు 29, ఎత్తు 9.4 అని తేల్చాను. గుణిస్తే 18 లీటర్లు. ఊఫర్ అయస్కాంతం కొంత జాగా తింటుంది కాబట్టి 17 మిగిలినట్టు లెక్క. ఊఫర్ ముఖం కిందికి పెట్టి, బాక్సు కింద నాలుగు సెంటీమీటర్ల కాళ్ళు కొట్టించాం, లేకపోతే కోన్ పోయి కార్పెట్‌కి తగులుతుంది.

చెక్క విషయంలో షాపులో అందరూ ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక, అన్నారు. ఎండీఎఫ్ బరువుగా ఉంటుంది, మోగదు, పొడిగా ఉండే ఊళ్ళలో దానికి వంక లేదు. నా బండి మాత్రం రోజూ కాలవగట్ల మీద, ఉప్పు నీళ్ళ చెరువుల మధ్య తిరుగుతుంది. తడి కాళ్ళతో కూలీలు ఎక్కుతారు. నీళ్ళు తగిలిన ఎండీఎఫ్ అంచులు ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. అందుకే తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎంది, తీసుకున్నాను. ధర ఎక్కువే. మా ఇంటి తలుపులు చేసిన మేస్త్రి ఈ బాక్సూ చేశాడు. కొలతలు చూసి, "ఏందయ్యా, ఇంత పల్చటి పెట్టెలో బేస్ ఏముంటాది?" అన్నాడు. ఆయన జీవితంలో చూసిన బాక్సులన్నీ తిరునాళ్ళలో ట్రాక్టరు మీదికెక్కే డీజే బాక్సులే మరి. చేసిన పని మాత్రం నిఖార్సుగా చేశాడు. ప్రతి అతుకుకీ జిగురు, స్క్రూ, లోపలి మూలలన్నిటికీ సిలికాన్. మూసిన బాక్సులో సన్నని సందున్నా గాలి బుస్సుమంటూ తప్పుకుంటుంది, బేస్ వదులైపోతుంది. పోర్టు, అంటే గాలి వచ్చిపోయే గొట్టం, పెట్టిన బాక్సు ఇంకా గట్టిగా మోగుతుంది, నిజమే, కానీ దానికి జాగా ఎక్కువ కావాలి. డోలు దెబ్బ ఠక్కున మొదలై ఠక్కున ఆగాలనుకునే నా లాంటి వాళ్ళకి మూసిన బాక్సే సరి.

ఇప్పుడు వాట్లు. అట్టపెట్టె మీద 1200, 1500 అని పెద్దక్షరాల్లో ఉండేది పీక్ అంకె, ఒక్క క్షణం మాత్రం తట్టుకునేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగేది. నా యాంప్ ఇచ్చేది 250 వాట్ల ఆర్ఎంఎస్, ఊఫర్ నిరోధం రెండు ఓమ్స్ దగ్గర. క్లాస్ డి యాంప్ సుమారు 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 310 వాట్ల పైన లాగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే 23 ఆంపియర్లు. ఆ లెక్కతోనే 8 గేజ్ రాగి కేబులు, 30 ఆంపియర్ల ఫ్యూజు.

రాగి అన్నాను కదా, ఇక్కడ మోసం బాగా నడుస్తోంది. అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి పూసి అదే లావులో, సగం ధరకి అమ్ముతారు. అల్యూమినియం రాగితో పోలిస్తే కరెంటుని 60 శాతం మాత్రమే మోస్తుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూత వేసిన రాగి. ఉప్పుగాలికి త్వరగా చిలుము పట్టదు కాబట్టి మన కోస్తా బళ్ళకి అంతకన్నా మంచిది లేదు.

ఫ్యూజు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మా బావ బొలెరోలో ఒక షాపువాళ్ళు ఊఫర్ బిగించి, ఫ్యూజుని యాంప్ పక్కన పెట్టారు. బ్యాటరీ నుంచి యాంప్ దాకా ఉన్న కేబులంతా ఏ రక్షణా లేకుండా ఉండిపోయింది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో చిల్లు పొడిచి, రబ్బరు బుష్ లేకుండానే కేబులు దూర్చారు. రేకు అంచు రాసుకుని రాసుకుని పైతొడుగు తెగింది. హైవే మీద, కొడవలూరు దగ్గర, డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. అక్క, పిల్లలు బండిలో ఉన్నారు. బావ దిగి బ్యాటరీ టెర్మినల్ లాగేశాడు కాబట్టి సరిపోయింది. ఫ్యూజు కాపాడేది యాంప్‌ని కాదు, కేబుల్ని. అది బ్యాటరీ టెర్మినల్‌కి అడుగున్నర లోపే ఉండాలి. రేకులోంచి పోయే చోట రబ్బరు బుష్, ఇంజిన్ వైపు ముడతల పైపు తప్పనిసరి. ఈ రెండిటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక మేత బస్తాలో పదోవంతు కూడా ఉండదు.

నా బండికి నెల్లూరులో వైరింగ్ చేసిన కుర్రాడు పాతికేళ్ళ లోపువాడు, చేతిలో పని ఉంది. ఎర్త్ కోసం సీటు బోల్టు దగ్గర పెయింటు గీకి, తెల్లటి ఇనుము కనపడేదాకా రుద్ది, లగ్గు బిగించి, పైన గ్రీజు రాశాడు. ఎర్త్ వైరు అర మీటరు దాటలేదు. పవర్ కేబుల్ని డ్రైవరు వైపు నుంచి, డెక్ (డ్యాష్‌బోర్డులో ఉండే మ్యూజిక్ సిస్టమ్) నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లని అవతలి వైపు నుంచి తీసుకెళ్ళాడు. రెండూ ఒకే దారిలో వేస్తే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో ఆల్టర్నేటర్ కూత వినపడే ప్రమాదం ఉంది. "అన్నా, సాయంత్రానికల్లా ఇచ్చేస్తా, తొందర పెట్టొద్దు" అన్నాడు. తొందర పెట్టలేదు. పక్కన కూర్చుని చూశాను, టీలు తెప్పించాను.

బండి వెనక గోడ, అంటే క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఉండే రేకు, పికప్‌లలో పెద్ద సమస్య. వెడల్పాటి పల్చటి రేకు, బేస్‌కి అది కూడా పాడుతుంది. వెనక ప్లాస్టిక్ ప్యానెల్ విప్పించి, రేకు మోతని అణిచే రబ్బరు లాంటి బ్యూటైల్ షీట్లు అంటించాం. వేలితో కొట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది, టంగ్‌మనేది టక్‌మంటుంది. జాకీ, పానా పెట్టుకునే చోట పాత దుప్పటి ముక్క పెట్టాను.

ఇక ట్యూనింగ్. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఆగిపోతారు. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. డెక్ ఇచ్చే సిగ్నల్‌కీ యాంప్‌కీ జత కుదిర్చే మీట. ఊఫర్ వైరు విప్పి, ఈక్వలైజర్ అంతా సున్నా చేసి, డెక్ వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, యాంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులలో పెట్టి చూడాలి. 250 వాట్లని రెండు ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే 22.4 వోల్టులు. గెయిన్ మెల్లగా పెంచుతూ పోయి, అంకె అక్కడికి రాగానే ఆపేయాలి. బేస్ బూస్ట్ బటన్ సున్నాలోనే ఉండాలి. ఊఫర్‌కి 80 హెర్ట్జ్ పైన కట్, డోర్లకి 80 కింద కట్. ఆ 80కి అర్థముంది. సుమారుగా అంతకన్నా కింది స్వరాలు ఎటు నుంచి వస్తున్నాయో మన చెవి పట్టుకోలేదు. అందుకే బాక్సు సీటు కిందే ఉన్నా, డోలు డ్యాష్‌బోర్డు మీద మోగుతున్నట్టే ఉంటుంది. ఫేజ్ స్విచ్ (ఊఫర్ కోన్ కదలికని తిరగేసేది) ఒకసారి అటూ ఒకసారి ఇటూ వేసి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఏది నిండుగా వినిపిస్తే దాన్నే ఉంచాలి.

బండి ఆపి చేసిన ట్యూనింగ్ సగమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతుంటే సెకనుకి 67 సార్లు మండుతుంది, అంటే 67 హెర్ట్జ్ రొద. హైవే మీద మనం పోయేది ఆ వేగంలోనే. సరిగ్గా బేస్ ఉండే చోట ఇంజిన్ కూర్చుని ఉంది! షాపు ముందు ఎక్కువనిపించిన బేస్ కోవూరు దాటాక మాయమైపోయేది అందుకే. డెక్‌లో ఊఫర్ లెవెల్ విడిగా మార్చుకోవచ్చు కాబట్టి రెండు సెట్టింగులు పెట్టుకున్నాను, హైవేకి ఒకటి, చెరువుగట్టు మీద ఇంజిన్ ఆపి కూర్చునేటప్పటికి ఒకటి.

జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో మేళం పక్కన నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది, డోలు దెబ్బ చెవికంటే ముందు పొట్టకి తగులుతుంది. మా నాన్న ఆ మేళాలు విని పెరిగిన మనిషి. బండిలో నాదస్వరం రికార్డింగ్ పెట్టాను. సన్నాయి వింటూ ఏమీ అనలేదు. తనియావర్తనంలా డోలు ఒంటరిగా మొదలైన చోట తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టి, "వెనక్కి పోనీరా, మళ్ళీ పెట్టు" అన్నాడు. అమ్మకి మాత్రం ఇప్పటికీ ఊఫర్ ఉందని తెలియదు, "పాటలు బాగా వినపడతా ఉండాయే" అంటుంది. నాకు ఆ మాట చాలు.

సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఎవరైనా ఇది చేయించుకుంటే, పంట పంటకీ ఒకసారి ఎర్త్ బోల్టు, బ్యాటరీ టెర్మినల్ విప్పి పచ్చటి చిలుము ఉందేమో చూసుకోండి, తుడిచి పెట్రోలియం జెల్లీ రాయండి. నాకు తలుపుల లోపల షీట్లు వేయడం మిగిలింది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచే కదా, ఆ లోపు రొయ్యల పట్టుబడి అయ్యి డబ్బులు చేతికొస్తే ముందు ఆ పనే.