ఫెస్ పెళ్లింట నా నాలుక తిరగలేదు

మొరాకోలోని ఫెస్ పాత నగరంలో మోటారు బండ్లు తిరగవు. సామాన్లు ఎక్కువగా గాడిదల మీదా కంచరగాడిదల మీదా సాగుతాయి. బాబ్ బూజ్లూద్ ద్వారం దాటి, ఎదురొచ్చినవారికి గోడకు ఒదిగి దారి ఇవ్వవలసిన సందుల్లోంచి మా బసకు చేరిన మరునాడే, ఆ ఇంటి పెద్దావిడ నన్ను బంధువుల పెళ్లికి తీసుకువెళ్లారు. అందరిలాగే నేనూ ఆమెను 'లల్లా' అని పిలిచేదాన్ని. అక్కడ స్త్రీలను మన్ననగా పిలిచే మాట అది.

పెళ్లికూతుర్ని అలంకరించే నెగ్గాఫాలు ప్రవక్తకు సలాములు చెబుతూ గొంతెత్తి పాడారు. ఆ పాట ముగిసీ ముగియకముందే ఒక ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని సన్నని, వణికే, తెగని నాదం ఒకటి తీసింది. ఆమెకు ఊపిరి చాలనిచోట మరొకరు, ఆ తరువాత ఇంకొకరు అందుకున్నారు. అమారియా పల్లకిలో వధువును భుజాలకెత్తుకున్నప్పుడు ముంగిలంతా అదే మోత. దానిని జగారీత్ అంటారు. మన పెళ్లిళ్లలో తాళి కట్టే వేళ గట్టిమేళం చేసే పనిని ఇక్కడ ఆడవాళ్ల గొంతులే చేస్తున్నాయని నాకు తోచింది. బెంగాలీ పెళ్లిళ్లలోని ఉలుధ్వని దీనికి దగ్గరి చుట్టమే.

దీనిని కేక అనడం అన్యాయం. స్వరాన్ని తారస్థాయికి ఎక్కించి, అక్కడే నిలిపి, నాలుకను వేగంగా ఇటూ అటూ ఆడించాలి. దవడ కదిలిందా, నాదం విరిగినట్టే. ఆ ఆడే నాలుక నలుగురికీ కనబడకూడదనే చెయ్యి అడ్డం పెట్టుకుంటామని లల్లా చెప్పారు. లిబియా స్త్రీలు ఈ నాదాన్ని ఎంతో చక్కగా పలుకుతారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే మెచ్చుకున్నాడు. పొరుగున ఉన్న అల్జీరియాలో దీనిని 'యూయూ' అంటారు. 1960 డిసెంబరులో అల్జీర్స్ జనం ఫ్రెంచి పాలనకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ పెళ్లి నాదమే ధిక్కారమై మోగింది.

లల్లా బలవంతం మీద నేనూ ప్రయత్నించాను. సంస్కృత సమాసాలు గడగడా అప్పజెప్పే నాలుక అక్కడ మొరాయించింది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

మరునాడు మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఎవరూ లేరనుకుని మళ్లీ మొదలుపెట్టాను. రెండు క్షణాలైనా నిలవక నా గొంతు తెగిపోయింది. మూడిళ్ల అవతలి మేడ మీద, ఆరవేసిన దుప్పట్ల వెనుకనుంచి, నాకు కనబడని ఒక స్త్రీ దానిని తెగినచోటనే అందుకుని చివరిదాకా తీసింది.